నాలుగు ఆకారాలు, పన్నెండు వరసలు: పాత అమెరికన్ చర్చి పాటల పుస్తకం, పని డైరీ

మొదటి వారం: ఏ వరసలు తీసుకున్నాం

పని లెక్క ఇది. పాత అమెరికన్ చర్చి వరసలు (పాటల బాణీలు) 12 ఎంచి, వాటిని నాలుగు ఆకారాల స్వరలిపిలో, అంటే నోటు తల ఆకారమే దాని పేరు చెప్పే లిపిలో, కొత్తగా కూర్చాలి. అడ్డంగా పొడవుండే 16 పేజీల పుస్తకంగా 8 ప్రతులు కట్టాలి. ఆపైన 8 మంది చదరంగా కూర్చుని, వాద్యమేదీ లేకుండా నాలుగు పార్టుల్లో, అంటే ఒకేసారి నాలుగు వేర్వేరు స్వర వరుసల్లో, పాడాలి.

ఎంపికలో చూసింది ఒకటే: ఈ లిపి ఎందుకు పుట్టిందో పుస్తకం తిప్పుతుంటేనే తెలియాలి. మసాచుసెట్స్ కేంబ్రిడ్జిలో 1640లో అచ్చయిన బే సామ్ బుక్‌లో దావీదు కీర్తనలు పద్యాలుగా ఉన్నాయి, స్వరాలు లేవు. 1698 నాటి 9వ ముద్రణలో 13 వరసలు చేరాయి, నోట్ల కింద ఫా, సోల్, లా, మీల మొదటి అక్షరాలు వేశారు. కానీ చాలా చర్చీల్లో పుస్తకం చూసి పాడేవాళ్లు తక్కువ. ఒకరు ఒక్కో పాదం చదివితే మిగతావాళ్లు జ్ఞాపకం మీద పాడేవారు. వరస నెమ్మదించేది, ఒక్కొక్కరు ఒక్కో మలుపు చేర్చేవారు, చివరికి వరసే మారిపోయేది. బోస్టన్ జడ్జి శామ్యూల్ సీవల్ 1718లో తన డైరీలో రాసుకున్నాడు: తాను యార్క్ వరస ఎత్తుకుంటే రెండో చుట్టులోనే సభ అంతా సెయింట్ డేవిడ్స్ వరసలోకి జారిపోయిందట. యార్క్‌ను ఈ పుస్తకంలో చేర్చడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

ఆ జారుడు ఆపడానికే 1721లో జాన్ టఫ్ట్స్ గీతల మీద నోట్ల బదులు అక్షరాలే పెట్టాడు. 1801లో ఫిలడెల్ఫియాలో విలియం లిటిల్, విలియం స్మిత్‌లు ‘ఈజీ ఇన్‌స్ట్రక్టర్’ పుస్తకంలో ఆ నాలుగు అక్షరాలనూ నాలుగు ఆకారాలుగా మార్చారు. ఫా త్రిభుజం, సోల్ గుండ్రం, లా చదరం, మీ డైమండ్. నోటు గీతల మీద తన చోటు వదలదు, తల ఆకారం మాత్రం మారుతుంది. ఆకారాలు తెలియనివాళ్లు కూడా మామూలు నోట్లుగానే చదువుకోవచ్చు. ఆ లిపి నిలబడిందంటే ఇందుకే.

జాబితా: ఓల్డ్ హండ్రెడ్, విండ్సర్, యార్క్, మియర్, ఆఫ్రికా, విండ్హమ్, షెర్బర్న్, లెనాక్స్, కారొనేషన్, నార్త్‌ఫీల్డ్, ఐడుమియా, న్యూ బ్రిటన్. మొదటి నాలుగూ యూరప్‌లో పుట్టి న్యూ ఇంగ్లండ్‌లో స్థిరపడినవి. ఆఫ్రికా 1770లో విలియం బిల్లింగ్స్ అచ్చువేసిన వరస. బోస్టన్‌లో తోళ్లు పదును చేసే పనిచేసిన బిల్లింగ్స్ ఆ ఏడాది తెచ్చిన పుస్తకమే ఒకే అమెరికన్ స్వరకర్త రాసిన మొదటి వరసల పుస్తకం. విండ్హమ్, షెర్బర్న్ డేనియల్ రీడ్‌వి, 1785 నాటివి. ఐడుమియా 1816లో అనానియస్ డేవిసన్ ‘కెంటకీ హార్మొనీ’ లోది. న్యూ బ్రిటన్ అంటే అందరికీ తెలిసిన ‘అమేజింగ్ గ్రేస్’ వరస. ఆ మాటలనూ ఆ వరసనూ 1835లో విలియం వాకర్ ‘సదరన్ హార్మొనీ’లో జతచేశాడు.

వరసల పేర్లకూ మాటలకూ సాధారణంగా సంబంధం ఉండదు. చాలావాటికి ఊరి పేరో దేశం పేరో పెట్టేవారు. మాటను వరసతో కలిపేది ఛందస్సు. కామన్ మీటర్ అంటే పాదాలకు 8, 6, 8, 6 అక్షరాలు. లాంగ్ మీటర్‌కు నాలుగు పాదాలూ ఎనిమిదే. షార్ట్ మీటర్‌కు 6, 6, 8, 6. ఏ ఆటవెలదినైనా ఒకే వరసలో చదువుకోగలిగినట్టే, కామన్ మీటర్‌లో రాసిన ఏ కీర్తననైనా ఏ కామన్ మీటర్ వరసలోనైనా పాడొచ్చు. మన పన్నెండింటిలో ఎనిమిది కామన్ మీటరే. ఓల్డ్ హండ్రెడ్, విండ్హమ్ లాంగ్, ఐడుమియా షార్ట్. లెనాక్స్ ఒక్కటి వేరే కొలత: 6, 6, 6, 6, 8, 8.

రెండో వారం: ఆకారాలను సరిగమలతో కలపడం

పాడబోయేవాళ్లలో ఎక్కువమంది సరిగమలు వచ్చినవాళ్లే. అందుకని మొదటి నాలుగు పేజీల పాఠం పాశ్చాత్య మేజర్ స్వరాలతో సరిపోయే శంకరాభరణం నుంచే మొదలుపెట్టాం.

స ఫా, రి సోల్, గ లా, మ ఫా, ప సోల్, ద లా, ని మీ. ఏడు స్వరాలకు పేర్లు నాలుగే ఎలా సరిపోతాయని అందరూ అడిగే ప్రశ్న. స రి గ మధ్య దూరాలూ మ ప ద మధ్య దూరాలూ ఒకటే: రెండూ పూర్తి మెట్లే. ఒకేలా వినబడేవాటికి ఒకే పేరు పెట్టారు, అంతే. మిగిలిన ఒక్క నికి ‘మీ’ వచ్చింది. దీని నుంచి ఒక సూత్రం దొరుకుతుంది, పాఠం పేజీ పైన పెద్ద అక్షరాలతో అదే వేశాం: పక్క మెట్టు నుంచి పైకి ఫాలోకి వెళితే ఎప్పుడూ అర మెట్టు, మిగతావన్నీ పూర్తి మెట్లు. త్రిభుజం కింది మెట్టు దగ్గరగా ఉందని గుర్తుపెట్టుకుంటే చాలు.

మైనర్ వరసలకు స లా అవుతుంది: లా మీ ఫా సోల్ లా ఫా సోల్ లా. కాగితం మీద ఇది నటభైరవి. అదే సూత్రం ఇక్కడా పనిచేస్తుంది, గ, ద రెండూ ఫాలే, రెండింటికీ కింద అర మెట్టే ఉంది.

ఆకారాలు రాకముందు పాడేవాళ్లు మీ ఎక్కడుందో కీ గుర్తులు (గీతల మొదట్లో ఆధార శ్రుతిని చెప్పే షార్ప్, ఫ్లాట్ గుర్తులు) లెక్కపెట్టి కంఠస్థం చేయాల్సి వచ్చేది: గుర్తులేమీ లేకపోతే బీలో, ఒక ఫ్లాట్ ఉంటే ఈలో, ఒక షార్ప్ ఉంటే ఎఫ్‌లో, ఇలా. డైమండ్ రాగానే ఆ బరువు దిగిపోయింది. మేజర్ వరసలో డైమండ్ ఎక్కడుంటే దాని పై మెట్టు స.

తప్పులు రెండు చోట్ల పడ్డాయి. మొదటిది పేరు వల్ల. సరిగమలకు అలవాటుపడిన చెవికి ‘మీ’ అనగానే మ గుర్తొస్తుంది, నోరు నాలుగో మెట్టుకు పోతుంది. అది ని. ఈ అలవాటు పోవడానికి స ని స, ఫా మీ ఫా అని వంద సార్లు అనడం తప్ప మార్గం లేదు.

రెండోది ఇంకా లోతైనది, ఓల్డ్ హండ్రెడ్ రెండో పాదంలో బయటపడింది. అసలు వరస పాడే పార్టు పేరు టెనర్, దాని వరస ఇది:

స స ని ద ప స రి గ
గ గ గ రి స మ గ రి
స రి గ రి స ద ని స
ప గ స రి మ గ రి స

రెండో పాదం ఆకారాల్లో లా లా లా సోల్ ఫా ఫా లా సోల్. ఐదో నోటూ ఆరో నోటూ రెండూ ఫాలే, కానీ మొదటిది స, రెండోది మ. పేరు మాత్రమే చూసినవాళ్లు సనే మళ్లీ పాడేశారు. నాలుగో పాదంలో రి మ దగ్గరా అదే: సోల్ తర్వాత ఫా అంటే చెవి కిందికి దిగడానికి సిద్ధమవుతుంది, వరస మాత్రం పైకి ఎక్కుతుంది. ఆకారం పేరు చెబుతుంది, గీత ఎత్తు చెబుతుంది. రెండూ కలిపి చదవాలి. అందుకే పాఠం పేజీలో ఈ నాలుగు పాదాలనే అభ్యాసంగా పెట్టి, స–మ దూకుడు దగ్గర చిన్న బాణం గుర్తు వేశాం. వేరే ఉదాహరణలు కల్పించాల్సిన పనిలేదు, 1551 నాటి జెనీవా కీర్తనల పుస్తకంలోని ఈ వరసే చాలు.

న్యూ బ్రిటన్‌కు ఈ ఇబ్బంది లేదు. టెనర్ మోహన స్వరాలే: స రి గ ప ద. మ లేదు కాబట్టి త్రిభుజం ఎక్కడ కనబడ్డా స, ని లేదు కాబట్టి డైమండ్ అసలు రాదు. మొదట నేర్పాల్సింది అదే. మేం ఓల్డ్ హండ్రెడ్‌తో మొదలుపెట్టడం క్రమం తప్పడమే. రెండో కూర్పులో న్యూ బ్రిటన్‌ను 5వ పేజీకి, అంటే పాఠం అయిన వెంటనే వచ్చే పేజీకి తెచ్చాం.

మూడు, నాలుగు వారాలు: లిలీపాండ్‌లో కూర్పు

లిలీపాండ్ ఉచిత స్వరలిపి ప్రోగ్రాం. మౌసుతో నోట్లు పెట్టే పని ఉండదు, స్వరాలను అక్షరాలుగా టైపు చేస్తే అదే పేజీ కడుతుంది. ఆకార నోట్లు అందులోనే ఉన్నాయి. మేజర్ వరసకు సేక్రెడ్‌హార్ప్‌హెడ్స్ అనే ఆదేశం, మైనర్‌కు చివర మైనర్ అని చేర్చిన ఇంకో ఆదేశం.

మొదటి ప్రింటులో ఓల్డ్ హండ్రెడ్ నిండా వింత ఆకారాలు వచ్చాయి. కారణం: జీ మేజర్ అని కీ ఆదేశం ఇవ్వకుండా షార్ప్ గుర్తులు చేత్తో పెట్టడం. ప్రోగ్రాం ఆకారాన్ని కీ నుంచి లెక్కకడుతుంది. కీ చెప్పకపోతే సీ మేజర్ అనుకుంటుంది. దాంతో స అయిన జీ మీద గుండ్రం, గ అయిన బీ మీద డైమండ్ పడ్డాయి. నాలుగు పార్టులకూ విడివిడిగా కీ ఆదేశం ఉండాలి, ఒకదానికి మరిచిపోతే ఆ ఒక్క పార్టే తప్పుతుంది, తొందరలో చూస్తే కనబడదు.

మైనర్ వరసల్లో ఇంకో పొరపాటు. విండ్సర్‌కు మామూలు ఆదేశమే వాడితే ఆధార స్వరం మీద త్రిభుజం వచ్చింది, అక్కడ చదరం ఉండాలి. మైనర్ ఆదేశంతో సరయింది. పరీక్ష సులువు: మైనర్ వరసలో టెనర్, బాస్ రెండింటి చివరి నోటూ చదరం, మేజర్‌లో త్రిభుజం. పన్నెండింటికీ ముందు చివరి నోట్లే చూశాం.

పార్టుల వరుస పైనుంచి కిందికి ట్రెబుల్, ఆల్టో, టెనర్, బాస్. అసలు వరస ఉండేది మూడో గీతల్లో, టెనర్‌లో. మన కన్ను పై గీతల్లో వరస వెతుకుతుంది, అది అలవాటు. పాత పుస్తకాల వరుస మార్చొద్దు. టెనర్‌నూ ట్రెబుల్‌నూ ఆడవాళ్లు, మగవాళ్లు ఇద్దరూ పాడతారు, ఒకరు పై స్థాయిలో, ఒకరు కింది స్థాయిలో. కాగితం మీద నాలుగు పార్టులు, చెవికి ఆరు.

బాస్‌లో కొన్నిచోట్ల ఒకే కాడకు పైన ఒకటి, కింద ఒకటి, రెండు నోట్లు ఉంటాయి. పాత పుస్తకాల స్కాన్ మసకలో అది అచ్చు మరక అనిపిస్తుంది. కాదు, పాడేవారు తమ గొంతుకు అందేది ఎంచుకోవడానికి పెట్టినవి. రెండూ ఉంచాలి.

మాటల అమరికకు లెక్క ఉంది. ఒక చరణంలో కామన్ మీటర్‌కు 28 అక్షరాలు, లాంగ్‌కు 32, షార్ట్‌కు 26, లెనాక్స్‌కు 40. తిరిగి పాడే భాగాలు లేని వరసలో టెనర్ నోట్ల గుంపులు సరిగ్గా అన్నే ఉండాలి. రెండు నోట్లకు ఒకే అక్షరం ఉంటే వాటి మీద వంపు గీత ఇవ్వాలి, లేకపోతే లిలీపాండ్ తర్వాతి అక్షరాన్ని ముందుకు లాగేస్తుంది, అక్కడి నుంచి చివరిదాకా అన్నీ జారుతాయి. న్యూ బ్రిటన్‌లో గ స జంటకు వంపు మరిచినప్పుడు నోట్లు ఇంకా మిగిలి ఉండగానే మాటలు అయిపోయాయి. అలా పేజీ చివర నోట్లు బోడిగా కనబడితే వెతకాల్సింది వంపు గీతనే.

మాటలు ఇంగ్లీషువే ఉంచాం. ఆ పద్యాలు నీరసమైన అక్షరంతో మొదలై రెండో అక్షరం మీద ఊనుతాయి, అందుకే చాలా వరసలు తాళం మొదలవడానికి ముందే ఒక ఎత్తుగడ నోటుతో ఆరంభమవుతాయి. తెలుగు మాటలు పెడితే ఆ ఊనిక తప్పుచోట పడుతుంది. అక్షరాల లెక్క సరిపోయినంత మాత్రాన పాట కుదరదు. ఫా సోల్ లా మీ పేర్లు మాత్రం పాఠం పేజీల్లో తెలుగులో నోట్ల కింద వేశాం. తెలుగు ఫాంట్ పేరు స్పష్టంగా చెప్పకపోతే కొన్ని కంప్యూటర్లలో అక్షరాల బదులు డబ్బాలు వచ్చాయి.

గీతల సైజు గురించి. మామూలుగా 20 పాయింట్లు. నాలుగు గీతల గుంపులు రెండు ఒక పేజీలో పట్టాలని 16కు తగ్గిస్తే, జిరాక్స్ తీశాక ఖాళీ తలలు పూడుకుపోయాయి. ఖాళీ చదరమూ ఖాళీ డైమండూ ఒకేలా కనబడ్డాయి, ఆకార నోట్లలో అది పెద్ద దెబ్బ. 18 దగ్గర ఆగాం. ఫ్యూగింగ్ వరసలు మూడింటికి, అంటే షెర్బర్న్, లెనాక్స్, నార్త్‌ఫీల్డ్‌కు, 17. వాటిలో ఒక్కో పార్టు ఒక్కో సమయంలో మాట ఎత్తుకుంటుంది కాబట్టి ప్రతి గీతల కిందా వేరే మాటల వరుస కావాలి, ఎత్తు చాలదు.

ఐదో వారం: దిద్దడం, దిద్దకపోవడం

స్కాన్లతో పోల్చి చూసే పని. అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం పట్టింది, పట్టాల్సిందే.

పాత ఆకార పుస్తకంలో ప్రతి నోటూ తన గురించి రెండుసార్లు చెబుతుంది: ఎత్తుతో ఒకసారి, ఆకారంతో ఒకసారి. ఒకటి తప్పయితే రెండోది పట్టిస్తుంది. లిలీపాండ్ ఆకారాన్ని ఎత్తు నుంచే తీస్తుంది కాబట్టి ఆ రెండో సాక్ష్యం పోతుంది. మనం రిని గగా టైపు చేస్తే అది నిక్షేపంగా చదరం వేసి ఇస్తుంది, పేజీ చూడ్డానికి ఏ లోపం లేకుండా ఉంటుంది. కాబట్టి ఒకరు స్కాన్ పట్టుకుని ఆకారాల పేర్లు మాత్రమే పైకి చదవాలి, ఇంకొకరు కొత్త పేజీలో వేలు పెట్టి చూడాలి. ఎత్తులు చూడొద్దు. ఇలా ఆఫ్రికా ఆల్టోలో రెండు, లెనాక్స్ బాస్‌లో ఒకటి దొరికాయి. అంతకుముందు కంటితో రెండుసార్లు చూసినప్పుడు ఒక్కటీ దొరకలేదు.

స్కాన్ ఎవరి పుస్తకమో ముందే చూసుకోవాలి. ఆండ్రూ లా 1803 నుంచి తన పుస్తకాల్లో చదరాన్ని ఫాకూ త్రిభుజాన్ని లాకూ ఇచ్చాడు, పైగా గీతలే తీసేశాడు. 1846లో జెస్సీ ఐకిన్ తెచ్చిన ఏడు ఆకారాల పద్ధతిలో డైమండ్ మూడో మెట్టు, అంటే గ. నాలుగు ఆకారాల్లో అదే డైమండ్ ని. వాకర్ కూడా తర్వాత ‘క్రిస్టియన్ హార్మొనీ’లో ఏడు ఆకారాలకు మారాడు, ఆయన పేరు చూసి నాలుగు ఆకారాలే అనుకోకూడదు.

ఇప్పుడు ఈ పనిలో మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి. పాశ్చాత్య హార్మొనీ (ఒకేసారి పలికే స్వరాల పొందిక) చదువుకున్నవాళ్లు ఈ పేజీలు చూడగానే ఎర్ర పెన్ను తీస్తారు. రెండు పార్టులు ఒకే దూరంలో స–ప, రి–ద అంటూ జంటగా నడుస్తాయి. చాలా వరసల చివరి నోటులో గ ఉండదు, స, ప మాత్రమే ఉంటాయి. ట్రెబుల్ టెనర్ కిందికి దాటి వెళుతుంది. పాఠ్యపుస్తకం ప్రకారం ఇవన్నీ దోషాలు. 1822లో బోస్టన్‌లో సంకలనం తెచ్చిన లోవెల్ మేసన్ వంటివాళ్లు యూరప్ పద్ధతి హార్మొనీ ప్రచారం చేశాక ఈ వరసలు ఈశాన్య నగరాల్లో వెనకబడి, ఆకార నోట్లతో పాటు దక్షిణానికీ పడమటికీ వెళ్లిపోయాయి. అక్కడే 1844లో జార్జియాలో బి.ఎఫ్. వైట్, ఇ.జె. కింగ్ ‘సేక్రెడ్ హార్ప్’ కూర్చారు. దాని తర్వాతి సంచికలతో ఈ రోజుకీ పాడుతున్నారు.

ఈ వరసల స్వరకర్తలు పార్టులను నిలువుగా పేర్చలేదు, ఒక్కో పార్టును ఒక వరసలా అల్లారు. పక్కవాడి నోటు కన్నా తన నోటు పాడుకునేవాడికి బాగుండాలన్నది వాళ్ల లెక్క. ట్రెబుల్ ఒక్కటే తీసి పాడి చూడండి, దానికదే పాటలా ఉంటుంది. చివర గ చేర్చగానే ఆ గట్టి ధ్వని మెత్తబడిపోతుంది. విండ్హమ్ చివర ఒకరు గ చేర్చి తెచ్చిన ప్రతి పక్కనపెట్టి, స్కాన్‌లో ఉన్నట్టే ఉంచాం. మేం మార్చింది స్పష్టమైన అచ్చుతప్పులే: ఆకారం ఒకటీ ఎత్తు ఒకటీ చెప్పినచోట ఇంకో ముద్రణ చూసి నిర్ణయించాం.

ఆల్టో విషయంలో మాత్రం ఎంపిక చేయాల్సి వచ్చింది. దక్షిణాది పుస్తకాల్లో చాలా వరసలకు మూడు పార్టులే, న్యూ బ్రిటన్ కూడా అంతే. 1902లో కూపర్, 1911లో జేమ్స్ తెచ్చిన ‘సేక్రెడ్ హార్ప్’ సంచికల్లో చాలావాటికి ఆల్టో చేర్చారు. న్యూ బ్రిటన్‌కు 1835 నాటి మూడు పార్టులే ఉంచాం. ఆ పాటకు ఆల్టోవాళ్లు ట్రెబుల్‌తో కలుస్తారు.

ఆరో వారం: లోలకం

వేగానికి మెట్రోనోమ్ బదులు దారం. బిల్లింగ్స్ తన పాఠాల్లో దారానికి మైనం పూసి, కోడిగుడ్డు సైజులో బరువైన కర్ర గుండు కట్టి, కొవ్వొత్తి వెలుగులో కనబడేలా సుద్ద రాయమన్నాడు. ఇచ్చిన పొడవులు అంగుళాల్లో 39.2, 22.1, 12.4. లెక్క కడితే ఒక్కో ఊపుకు 1 సెకను, ముప్పావు సెకను, అర సెకనుకు కొంచెం పైన. సెంటీమీటర్లలో సుమారు 99, 56, 31. నిమిషానికి 60, 80, 107 దెబ్బలు.

మేం వాడింది చేపల గాలానికి కట్టే సీసపు గుండు, నూలు దారం. కొలత మేకు నుంచి గుండు మధ్యకు, ముడి వరకు కాదు. ముడి వరకు కొలిచినప్పుడు పొట్టి లోలకం బాగా నెమ్మదించింది, ఎందుకంటే 31 సెంటీమీటర్లలో 2 సెంటీమీటర్ల తేడా చిన్నది కాదు. ఊపు చిన్నగా ఉండాలి. ఒక కొస నుంచి ఇంకో కొసకు ఒక దెబ్బ, తిరిగి రావడం ఇంకో దెబ్బ.

ఓల్డ్ హండ్రెడ్ 99తో నిండుగా నడిచింది. న్యూ బ్రిటన్‌ను 56తో పాడితే ఊపిరి చాలలేదు, 31తో కుదిరింది. చెయ్యి ఆడించే పద్ధతి: నాలుగు దెబ్బల కొలతలో రెండు దెబ్బలకు చెయ్యి కిందికి, రెండింటికి పైకి. మూడు దెబ్బలదైతే రెండు కిందికి, ఒకటి పైకి. అందరూ చెయ్యి ఆడించాలి, నడిపేవారు ఒక్కరే కాదు.

ఏడో వారం: కాగితం

ఏ4 మడిస్తే ఇలాంటి పుస్తకం రాదు. ఏ4ను మడిచి అడ్డంగా పట్టుకుంటే వెన్ను పైకి పోతుంది. వెన్ను ఎడమవైపు ఉండి పేజీ 210 మి.మీ. వెడల్పు, 148 ఎత్తు కావాలంటే 420 పొడవున్న పట్టీ కావాలి, అంటే ఏ3ను పొడవునా రెండుగా కోయాలి. ఒక పట్టీకి 4 పేజీలు, 16 పేజీలకు 4 పట్టీలు, ప్రతికి 2 ఏ3 కాగితాలు. 8 ప్రతులకు 16, చెడిపోయేవాటికి ఇంకో 2. అట్టకు 250 జీఎస్ఎం కార్డు 4 ఏ3లు.

పేజీల జత: 16–1 వెనక 2–15, 14–3 వెనక 4–13, 12–5 వెనక 6–11, 10–7 వెనక 8–9. ప్రింటర్‌లో రెండువైపుల ముద్రణ పొట్టి అంచు మీద తిప్పాలి. పొడవు అంచు ఎంచుకున్నప్పుడు పై పట్టీ వెనక కింది పట్టీ పేజీ తలకిందులుగా పడింది, 2 కాగితాలు పోయాయి.

లోపలి కాగితం 100 జీఎస్ఎం. 70 అయితే వెనకపేజీ ఆకారాలు ముందుకు కనబడి కన్ను తికమకపడుతుంది. వెన్నులో మూడు రంధ్రాలు, మైనం పూసిన దారం ప్రతికి 40 సెం.మీ. మడత ఎముక పలకతో గట్టిగా రుద్దాలి, లేకపోతే చేతిలో పుస్తకం దానంతటదే మూసుకుంటుంది, ఒక చేత్తో తాళం వేస్తున్నవాళ్లకు అది కుదరదు.

ఎనిమిదో వారం: పాడటం

కుర్చీలు చదరంగా, మధ్యలో ఖాళీ. టెనర్‌కు ఎదురుగా ఆల్టో, మిగతా రెండు వైపులా ట్రెబుల్, బాస్. 8 మందిని సమానంగా పంచలేదు: టెనర్ 3, బాస్ 2, ట్రెబుల్ 2, ఆల్టో 1. వరస టెనర్‌లో ఉంది కాబట్టి అది పలచబడకూడదు. గదిలో తివాచీ, కర్టెన్లు తీసేశాక ఒకరి గొంతు ఒకరికి అందింది.

శ్రుతి నిర్ణయించేది గొంతే. కాగితం మీద జీ అని ఉన్నంత మాత్రాన జీలో పాడాలని లేదు. ట్రెబుల్‌లో అన్నిటికన్నా పై నోటూ బాస్‌లో అన్నిటికన్నా కింది నోటూ ముందు చూసుకుని, రెండూ అందే చోట స పట్టాలి. తర్వాత ఒక్కో పార్టు తన మొదటి నోటు అందుకోవాలి. ఆపైన మొదటి చుట్టు ఆకారాల పేర్లతో, రెండో చుట్టు మాటలతో. గీతం నేర్చుకునేటప్పుడు స్వరం పాడాక సాహిత్యం పాడినట్టే. ఆకారాల చుట్టు తొందరగా దాటేసిన ప్రతిసారీ మాటల్లో ఆల్టో తప్పిపోయింది.

శ్రుతి జారుడు కొలవడానికి శ్రుతిపెట్టె పనికొచ్చింది. స–పలో పెట్టి, పాట మొదలుకాగానే శబ్దం ఆపి, చరణం చివర మళ్లీ తెరవాలి. చాలా వరసల ముగింపు కూడా స, ప మాత్రమే కాబట్టి తేడా వెంటనే తెలిసిపోతుంది. మొదట్లో ఓల్డ్ హండ్రెడ్ ఒక చరణానికే దాదాపు అర మెట్టు దిగింది. జారింది స ని ద ప దిగే చోట: సకూ నికీ మధ్య అర మెట్టును పెద్దది చేసి దిగుతున్నారు. తిరిగి పైకి రాగానే స అక్కడ లేదు.

గమకం వద్దు. గ మీద అలవాటుగా వచ్చే చిన్న ఊపు కూడా ట్రెబుల్‌తో ఢీకొంటుంది. గొంతు నిటారుగా, పూర్తి బలంతో.

మైనర్ వరసల్లో ఒక రహస్యం ఉంది, కాగితం మీద కనబడదు. దక్షిణాది సంప్రదాయ గాయకులు ఆరో మెట్టు, ఫా అని పిలిచే దను, చాలాచోట్ల అర మెట్టు పెంచి పాడతారు. మన చెవికి నటభైరవి ఖరహరప్రియ అవుతుంది. పేరు మాత్రం ఫానే, ఆకారం త్రిభుజమే. పుస్తకంలో గుర్తేమీ పెట్టలేదు, ఎందుకంటే పాత పుస్తకాల్లోనూ లేదు. విండ్సర్‌ను రెండు విధాలా పాడించి, చివరికి పెంచి పాడటానికే అందరూ మొగ్గారు.

నార్త్‌ఫీల్డ్ ఎక్కువ కష్టపెట్టింది. మొదటి సగం అందరూ కలిసే పాడతారు. తర్వాత బాస్ ఒక్కటే ఎత్తుకుంటుంది, ఒక కొలత తర్వాత ఒక కొలత చొప్పున టెనర్, ట్రెబుల్, ఆల్టో చేరతాయి. ఆలస్యంగా చేరేవాళ్లు విరామం లెక్కపెట్టకుండా పక్కవాళ్ల మాట వినగానే దూకేస్తున్నారు. రెండు మార్పులు చేశాం. విరామాల పైన కొలత సంఖ్యలు ముద్రించాం. మధ్యలో నిలబడి నడిపేవారు ప్రతి ప్రవేశానికి ముందు ఆ పార్టు వైపు తిరిగి చెయ్యి దించుతున్నారు. అయినా ఆల్టో ఒక్కరే కావడంతో నాలుగో ప్రవేశం ఇంకా బలహీనంగానే ఉంది. టెనర్ నుంచి ఒకరిని అటు మార్చి చూడాలి.

మిగిలిన పని: లెనాక్స్ మాటల రెండో చరణం వరుస తప్పింది, 14వ పేజీ మళ్లీ వేయాలి. అది ఉన్న పట్టీకి ముందూ వెనకా 3, 4, 13 పేజీలు కూడా ఉన్నాయి కాబట్టి 8 ప్రతులకూ దారం విప్పి ఆ ఒక్క పట్టీ మార్చాలి. ఐడుమియా ట్రెబుల్‌ను ఇంకో ముద్రణతో పోల్చాలి. యార్క్‌ను పుస్తకం మూసి రెండో చుట్టు పాడి చూడాలి.